లేబుళ్లాయప్ప, కాజాల అత్త

మొన్న ఆఫీసులో భోజనం చేసి ఫోన్ తెరిస్తే ఒక బొమ్మ కనిపించింది. పొడుగాటి మనిషి, చేతిలో నల్ల గొడుగు, కోటు జేబులోంచి తొంగిచూస్తున్న తెల్ల చీటీల కాగితం. కింద కొత్త సీరీస్ వచ్చేసిందని రాసి ఉంది. నేను గబుక్కున కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్క సీటావిడ "ఏమైందండీ, ఇంటి దగ్గర అందరూ బాగున్నారా?" అని కంగారుపడింది. బాగుండడమేమిటి తల్లీ, మా లేబుళ్లాయప్ప మళ్లీ వచ్చాడు! ఆ మాట ఆవిడకు ఎట్లా చెప్పాలో తెలియక ఊరికే నవ్వి కూర్చున్నాను.

ఈ కొత్తాయన మరీ అందంగా ఉన్నాడు. అది మాత్రం నాకు నచ్చలేదు. మా ఆయప్ప అంత బాగుండడు.

లేబుళ్లాయప్ప ఒక కథల డిటెక్టివు. ఆయన్ను మొదట ఎవరు రాశారో, ఏ దేశంలో రాశారో మాకు తెలియదు. మాకు దొరికినవి అట్టలు ఊడిపోయిన తెలుగు పుస్తకాలు, అంతే. మనిషి మేధావే గానీ శుద్ధ తిక్క. ఎండాకాలంలో కూడా గొడుగు వేసుకుని తిరిగేవాడు. కుర్చీలో కూర్చునే ముందు దాన్ని మూడుసార్లు రుమాలుతో కొట్టేవాడు. హత్య జరిగిన ఇంటికి వెళ్లగానే జేబులోంచి నంబర్ల చీటీలు తీసి కనబడిన ప్రతి వస్తువుకూ అంటించేవాడు. టీ కప్పు ఒకటో నంబరు, కిటికీ రెక్క రెండో నంబరు, పడుకున్న కుక్క మూడో నంబరు. ఒకసారి సాక్షాత్తూ పోలీసు ఇన్‌స్పెక్టర్ టోపీకే తొమ్మిదో నంబరు అంటించాడు. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఎదుటివాడు అబద్ధం చెబితే ఆయనకు తుమ్ము వచ్చేది. ఆయన తుమ్మాడంటే చాలు, మేము పుస్తకం మూసి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం.

'మేము' అంటే నేనూ, కాజాల అత్తా. రాయదుర్గంలో మా వీధి నిండా జీన్సు ప్యాంట్లు కుట్టేవాళ్లే. ఎదురింటి అత్త కాజాలు కుట్టడంలో మొనగత్తె కాబట్టి వీధంతటికీ కాజాల అత్త. ప్యాంటు ముక్కలన్నీ కలిపే పని కూడా ఆమెదే. ఆమె తమ్ముడు గుంతకల్లు రైల్వేలో పని చేసేవాడు. రైల్లో జనం చదివి వదిలేసిపోయిన పుస్తకాలన్నీ ఏరి, ఊరికి వచ్చినప్పుడల్లా సంచీలో వేసుకొచ్చేవాడు. వాటిలో వంటల పుస్తకం ఉండేది, జాతకాల పుస్తకం ఉండేది, మా అదృష్టం బాగుంటే లేబుళ్లాయప్ప ఉండేవాడు. ఆ పేరు పెట్టింది మా అవ్వ. "ఎవరమ్మే ఆ లేబుళ్లు అంటించే ఆయప్ప?" అని ఆమె అడిగిన రోజు నుంచి ఆయన అసలు పేరు మేము మరిచిపోయాం.

పుస్తకం ముందు అత్త చదివేది, తర్వాత నాకు ఇచ్చేది. చదివింది కదా, హంతకుడు ఎవరో ఆమెకు తెలుసు కదా! ఇంకేం, నేను వెంటపడేదాన్ని. "అత్తా, ఒక్కటే చెప్పు. ఆడమనిషా, మగమనిషా?" "పో పాపా." "డాక్టరా?" "పోతావా లేదా?" చిక్కీలు తెచ్చి లంచం పెట్టేదాన్ని. చిక్కీ తినేసి మూతి తుడుచుకునేది గానీ మాట మాత్రం బయట పడేది కాదు. "ఆఖరి పేజీ ముందే చెప్పేసేవాళ్లకు నరకంలో వేరే గది ఉండాది" అనేది. నిజంగానే ఉంటుందని నేను నమ్మాను.

ఆదివారం మధ్యాహ్నమైతే పండగే. మా మిద్దె మీది యాంటెన్నాకు బళ్లారి టవర్ బాగా అందేది. అందులో లేబుళ్లాయప్ప సీరియల్ వచ్చేది, కన్నడంలో! మొదటిసారి ఆయన నోరు తెరిచి కన్నడం మాట్లాడగానే నాకు ఏడుపొచ్చింది. మన మనిషి మనల్ని వదిలి పక్క రాష్ట్రానికి వెళ్లిపోయినట్టు అనిపించింది. అవ్వ మాత్రం పొంగిపోయింది. ఆమె పుట్టిల్లు బళ్లారి దిక్కు. "చూస్తివా, మా ఊరోడే!" అని గోడకు ఆనుకుని సర్దుకు కూర్చుని వీధిలో ఆడవాళ్లందరికీ తెలుగులో చెప్పేది. ఆయప్ప నాలుగు ముక్కలు మాట్లాడితే అవ్వ పది చెప్పేది. పైగా కథ మొదలైన క్షణం నుంచి ఆమెకు అనుమానం వంటవాడి మీదే. "వంటోడే చంపినాడు. చూడు వాని కండ్లు." ఏ కథలోనూ వంటవాడు చంపలేదు. అయినా అవ్వ పట్టు విడవలేదు.

ఇంక నా సంగతి చెప్పాలా? పన్నెండేళ్లు. నాయన పాత గొడుగు నాదయింది. వాన అనేది మేఘాల్లో వచ్చి మేఘాల్లోనే పోయే ఊరు మాది. అక్కడ గొడుగు వేసుకుని మిట్టమధ్యాహ్నం నేను వీధిలో అటూ ఇటూ తిరుగుతుంటే, "ఏమప్పా, మీ పాపకు ఎండ దెబ్బ తగిలిందేమో చూడు" అని నాయనతో చెప్పినవాళ్లున్నారు. తుమ్ము కూడా సాధన చేశాను. కానీ మా వీధిలో ఒక చిక్కు ఉంది. జీన్సు గుడ్డ కత్తిరిస్తుంటే, కుడుతుంటే సన్నటి నీలం నూగు లేచేది. అన్నంలో నూగు, జడలో నూగు, ముక్కులో నూగు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరూ తుమ్మేవాళ్లే. లేబుళ్లాయప్ప లెక్క ప్రకారం మా వీధంత అబద్ధాల వీధి ప్రపంచంలో ఉండదు.

తుమ్ము కుదరకపోతే పోయింది, లేబుళ్లున్నాయి కదా!

ఇక్కడ మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. గుడ్డ కత్తిరింపించి వీధికి పంచే ఆయన్ను కటింగ్ అన్న అనేవాళ్లం. గుడ్డ తాన్లన్నీ నీలమే గానీ ఏ తాను నీలం దానిదే. కుట్టేటప్పుడు అన్నీ ఒకే నల్లటి నీలంగా కనబడతాయి. బళ్లారిలో ఉతికి వచ్చాకే అసలు రంగు తేలుతుంది. అందుకని ఒక ప్యాంటు ముక్కలన్నీ ఒకే తానులోంచి రావాలి, కలిసిపోకుండా వాటి మీద ఒకే నంబరు చీటీ ఉండాలి. అమ్మ వెనక ముక్కలకు జేబులు కుట్టి జతలు జతలుగా పేర్చి, జతకు ఒక చీటీ ఉండేట్టు చూసి అత్తకు ఇచ్చేది. అత్త ఇరవై నంబరు వెనక జతను ఇరవై నంబరు ముందు జతతో కలిపి కుట్టేది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తెలిసిందల్లా, మా ఇంట్లో ఒక మూల అచ్చం లేబుళ్లాయప్పవి లాంటి నంబర్ల చీటీలు ముప్పై ఊరికే పడి ఉన్నాయని!

ఒకరోజు అమ్మ జేబులు కుట్టడం ముగించి, కట్ట మూలన పెట్టి, కణేకల్లులో పెళ్లికని వెళ్లింది. అవ్వకు దగ్గరి చూపు ఆనదు. ఇంకేం కావాలి? చీటీలన్నీ ఒలిచేశాను. నీళ్ల కుండ ఒకటి. రోకలి రెండు. పక్కింటి మేక కొమ్ము మూడు. నాయన గడ్డం గీసుకునే అద్దం, అవ్వ ఆకువక్కల పెట్టె, ఆఖరికి నిద్రపోతున్న అవ్వ కాలి బొటనవేలు. ఇల్లంతా నేర స్థలమైపోయింది. గొడుగు తిప్పుకుంటూ "ఈ ఇంట్లో ఎవరో అబద్ధం చెప్తాండారు" అని నేను మేకను నిలదీస్తుండగా వీధిలోంచి అత్త కేక వినబడింది. "పాపా, మీ అమ్మ కట్ట పెట్టి పోయిందా? తీసుకుంటా."

పరుగెత్తి చీటీలన్నీ పీకి తెచ్చాను. జిగురు పోయింది. పొద్దుటి అన్నం మెతుకులు రాసి చేతికి ఏది వస్తే అది టకటకా అంటించేశాను. ఒక జతకు చీటీ చాలలేదు. పోతే పోయిందిలే, ఒకటే కదా అనుకున్నాను. అత్త వచ్చి కట్ట ఎత్తుకుపోయింది. దొరకలేదన్న సంతోషంలో సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోయాను. ప్రమాణంగా చెబుతున్నాను, మరిచేపోయాను.

చాలా రోజుల తర్వాత బళ్లారి నుంచి ఉతికిన ప్యాంట్లు వచ్చాయి. కటింగ్ అన్న మూటను మా అరుగు మీద విసిరి ఒక ప్యాంటు తీసి విదిల్చాడు. వీధి వీధంతా నోరెళ్లబెట్టింది. ముందు నుంచి చూస్తే ఆకాశం రంగు. తిప్పి వెనక నుంచి చూస్తే కారుమబ్బు రంగు. ఇంకోటి తీశాడు. ముందు కారుమబ్బు, వెనక బూడిద. మొదట ఎవరో కిసుక్కున నవ్వారు గానీ ఆయన మొహం చూసి ఆపేశారు.

"ఎవరు కలిపి కుట్టింది?"

"నేనే అన్నా" అంది అత్త.

"మిషను పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుంటావంట. నంబర్లు చూసినావా, నవల చూసినావా?"

"నంబరు చూసే కుట్టినా అన్నా. ఒక్క ఇరవై ఏడుకు చీటీ లేదు. మిగిలింది అదొకటే కదా అని జత చేసినా. తక్కినవన్నీ నంబరు ప్రకారమే."

"మరి ఇదేంది? దయ్యం కుట్టిందా?" అని ఆ ప్యాంటు కింద పారేశాడు. "చూడు చెల్లీ, మోటారు మిషను నీకిస్తానంటి. ఈ వీధి పనంతా నీ చేతి కింద పెడతానంటి. ఆదివారం మళ్లీ వస్తా. తప్పు ఎవరిదో తేలాల. తేలకపోతే మిషను వేరే వీధికి పోతాది, పని కూడా ఆ వెంటే పోతాది."

ఆ మోటారు మిషను కోసం అత్త ఎదురుచూడని రోజు లేదు. కాలితో తొక్కి తొక్కి ఆమె మోకాళ్లు వాచిపోయేవి. మిషను వస్తే పెట్టడానికని కిటికీ పక్కన జాగా కూడా తుడిచి ఉంచుకుంది. ఆయన వెళ్లాక ఎవరితోనూ మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. మా అత్తను అంటాడా? మా పుస్తకాలను అంటాడా? లేబుళ్లాయప్ప చదివినవాళ్లు నంబరు తప్పుతారా? ఈ కేసు నేను తేలుస్తానని గొడుగు తీసుకుని బయలుదేరాను.

అబ్బో, ఎంత హుషారు నాకు! కటింగ్ గది కాడికి వెళ్లి కుర్చీని మూడుసార్లు కొట్టి కూర్చున్నాను. "నంబర్లు తప్పు వేసినారా?" అంటే, అక్కడి ముసలి కటింగ్ మాస్టరు "లేదు తల్లీ" అని తనే నాలుగుసార్లు తుమ్మాడు. నేనూ తుమ్మాను. కేసు ముందుకు సాగలేదు. బళ్లారిలో ఉతికేవాళ్ల పనేమో అని ఇంట్లో అంటే అవ్వ విరుచుకుపడింది. "మా బళ్లారోళ్లు అట్లాంటోళ్లు కాదు. కటింగ్ గదిలో వంట చేసేటోడు ఎవడన్నా ఉండాడేమో చూడు."

అప్పుడు నాకు మెరుపులా తట్టింది. ఇరవై ఏడు! అన్ని చీటీలూ ఉన్నాయి, ఆ ఒక్కటి ఏమైంది? ఇరవై ఏడును ఎవరు కాజేశారో వాడే దొంగ! అత్తతో చెబితే, ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి "అయితే దాన్ని వెతుకు పాపా" అంది. వెతికాను. కాలువలు వెతికాను, చెత్తకుప్పలు వెతికాను, వీధిలో వాళ్ల మంచాల కింద దూరాను.

శనివారం పొద్దున అవ్వ ఆకువక్కల పెట్టె బోర్లించి అడుగున గట్టిపడిన సున్నం గీకుతూ ఉంది. పెట్టె అడుగున చిన్న తెల్ల చీటీ. దాని మీద ఇరవై ఏడు.

నేను అక్కడే చతికిలబడ్డాను. మేక కొమ్ము, రోకలి, అవ్వ బొటనవేలు, అన్నం మెతుకులు అన్నీ వరసగా కళ్ల ముందుకు వచ్చాయి. అన్ని పుస్తకాలు చదివానా, అన్ని సీరియళ్లు చూశానా, డిటెక్టివే హంతకుడైన కథ ఒక్కటీ లేదు. ఆ చీటీని ఒలిచి గుప్పిట్లో పెట్టుకున్నాను. పొయ్యి పక్కనే ఉంది. వేసేస్తే బూడిద. ఎవరికీ తెలియదు. వేయలేదు. అట్లాగని చెప్పే ధైర్యమూ లేదు.

గుప్పిటతోనే అత్త ఇంటికి వెళ్లాను. ఆమె గుండీలు వేరు చేస్తూ ఉంది. "ఏమే డిటెక్టివు, ఎవరో తేలిందా?"

"ఇంకా లేదత్తా" అన్నాను. అన్నానో లేదో, తుమ్ము! అబద్ధమూ నాదే, తుమ్మూ నాదే, ఆపుకోలేనంత తుమ్ము. వెంట ఇంకోటి.

అత్త తలెత్తలేదు. "నూగు పాపా, నూగు. మొహం కడుక్కో పో" అంది.

ఆదివారం మధ్యాహ్నం సీరియల్ ఆఖరి భాగం. మా ఇంట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. కటింగ్ అన్న కూడా వచ్చి, అయ్యేదాకా చూద్దామని మంచం అంచున కూర్చున్నాడు. అత్త గడప దగ్గర నిలబడింది. లేబుళ్లాయప్ప అందరినీ హాల్లో వరసగా కూర్చోబెట్టాడు. గొడుగు మూశాడు. ఒక్కొక్కరి ముందూ నడుస్తున్నాడు. అవ్వ తెలుగులో చెప్పడం కూడా మరిచిపోయింది. "ఈ పని చేసింది..." అని ఆయప్ప చెయ్యి ఎత్తాడు. కరెంటు పోయింది.

అయ్యో అని ఇల్లంతా ఒక్కసారి గోలపెట్టింది. ఒకామె కరెంటు వాళ్ల ఏడు తరాలను తిట్టింది. "వంటోడే, నేను చెప్పలే!" అని అవ్వ. "ఉండు పెద్దమ్మా, నీ వంటోడూ నువ్వూ" అని ఇంకొకామె. తలుపులోంచి పడే ఎండలో నీలం నూగు తేలుతూ ఉంది. కటింగ్ అన్న లేచి చెప్పులు వేసుకుంటూ "సరే, మన కేసు సంగతేంది? తేలిందా?" అని అత్తను అడిగాడు. అత్త నేల చూసింది.

నేను లేచి నిలబడ్డాను. "తేలింది" అన్నాను. అందరూ నా దిక్కు తిరిగారు. గుప్పిట తెరిచి చెమటకు నానిపోయిన ఇరవై ఏడును చూపించాను. "అత్తది తప్పు లేదు. నంబర్లు మార్చింది నేను. లేబుళ్లాయప్ప ఆట ఆడుకుంటా అన్నీ పీకినా. అన్నం మెతుకులతో మళ్లీ అంటించినా. నేనే చేసినా."

అమ్మ లేచింది. ఆమె చేతిలో గజం కర్ర ఎప్పుడు ప్రత్యక్షమైందో నాకు తెలియదు. రెండు దెబ్బలు పడ్డాక అత్త మధ్యలోకి వచ్చింది. "వద్దు వదినా. కేసు తేల్చిన దాన్ని కొడతారా?" కటింగ్ అన్న తల పట్టుకుని మంచం మీద మళ్లీ కూలబడ్డాడు. "ఈ తిక్కలోడు నా కొంప ముంచినాడు కదప్పా" అని చీకటి టీవీని చూపించాడు. దాంతో ఎవరో నవ్వారు, ఒకరిని చూసి ఒకరు నవ్వారు, ఆఖరికి ఆయన కూడా నవ్వలేక నవ్వాడు.

నవ్వులు ఆగాక దారి చెప్పింది అత్తే. "ముక్కలు యాడికీ పోలేదు కదన్నా. రంగు తేలినంక ఏది దేనికి జతో ఇప్పుడు కండ్లతోనే చూడొచ్చు. విప్పుదాం, మార్చుదాం, పాత కుట్టు జాగాలోనే మళ్లీ కుడదాం." మర్నాటి నుంచి వీధంతా మా అరుగు మీదే. ఆకాశం రంగుకు ఆకాశం రంగు, బూడిదకు బూడిద. కుట్లు విప్పే పని శిక్షగా నాకు పడింది. వేళ్లకు పొక్కులు లేచాయి. అవ్వ పక్కన కూర్చుని ఆ ఆదివారం కథ ముగింపును తన ఇష్టం వచ్చినట్టు కల్పించి చెప్పింది. అందులో వంటవాడికి ఉరిశిక్ష పడింది.

వారం తిరక్కుండా మోటారు మిషను వచ్చింది. కిటికీ పక్క జాగాలో దాన్ని పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, అత్త మొదటిసారి నొక్కితే అది జుయ్‌మని పరుగెత్తింది. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అందరూ వెళ్లిపోయాక నేను మాత్రం అక్కడే నిలబడ్డాను.

"అత్తా, నీకు ముందే తెలుసా?"

"ఏం తెలుసు?"

"నేనేనని."

ఆమె దారం కొస నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించింది. "చీటీల వెనక అన్నం మెతుకులు చూసినా. కటింగ్ గదిలో అన్నం యాడిది? కుట్టేటప్పుడు తట్టలేదు. అన్న అరిచిపోయిన రోజు ఆకువక్కకని మీ ఇంటికి వస్తే, మీ అవ్వ పెట్టె ఎత్తి ఇచ్చింది. అడుగున ఇరవై ఏడు."

"అంత ముందే తెలిస్తే చెప్పలేదేం? మిషను పోయేది కదా!"

"ఆఖరి పేజీ ఎవరన్నా ముందే చెప్తారా?"

"నేను చెప్పకపోయుంటే?"

"చెప్తావని నాకు తెలుసులే."

నేను ఆమె ముక్కు వైపే చూస్తూ నిలబడ్డాను. కిటికీలోంచి పడే ఎండ నిండా నూగు. ఆమె జాకెట్టు మీద నూగు, కనురెప్పల మీద నూగు. చాలాసేపు చూశాను. ఆమె తుమ్మలేదు.

ఇప్పుడు ఆ అరుగు లేదు, అవ్వ లేదు, బళ్లారి టవర్‌కు తిప్పి కట్టిన ఆ యాంటెన్నా ఎప్పుడో పాత ఇనుముకు పోయింది. అత్త మాత్రం ఉంది. కొత్త సీరీస్ సంగతి చెప్పాలని మొదటి భాగం చూడగానే ఆ రాత్రే ఫోన్ చేశాను.

"అత్తా, మన లేబుళ్లాయప్ప మళ్లీ వచ్చినాడు! ఫోన్లో! చూసినావా?"

"చూసినా. రెండు రోజుల్లో అన్నీ చూసేసినా. ఆ మొగోడు బాగలేడు పాపా, మరీ హీరో మాదిరి ఉండాడు."

"నేను మొదటిదే చూసినా. నాకు ఆ డాక్టరు మీద అనుమానంగా ఉండాది. వాడేనా అత్తా?"

అవతల మిషను జుయ్‌మనడం మొదలైంది.

"అత్తా, ఉన్నావా? ఒక్కటే చెప్పు. ఆడమనిషా, మగమనిషా?"

"పో పాపా" అని ఫోన్ పెట్టేసింది.